యాడ బాగలేదో సెప్పు

సుధారాణి సాధించిన మొదటి ఘనవిజయం ఒక మట్టి ఆవు. ఆరో తరగతిలో మండల స్థాయి మట్టిబొమ్మల పోటీకి పోయి రెండో బహుమతి తెచ్చింది. పుంగనూరు పక్కన వాళ్ళ పల్లె బడి పుట్టిన తర్వాత మండలానికి పోయి ఉత్తచేతులతో తిరిగిరాని మొదటి పిల్ల ఆమే. ఊరికి కొత్తల్లుడు ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఈ కథే ఇస్తారు.

ఆ ఆవు పొద్దున మొదలుపెట్టినప్పుడు దూడంత ఉండింది. సుధారాణి ఊరుకుందా? దారిన పోయేవాళ్ళనల్లా నిలబెట్టి, "యాడ బాగలేదో సెప్పు" అని అడిగింది. ఒకాయన కాళ్ళు పొడుగన్నాడు, కోసేసింది. ఒకావిడ మెడ లావంది, చెక్కేసింది. పొట్ట ఎక్కువన్నవాళ్ళు ముగ్గురు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఆవు అరచేతిలోకి వచ్చింది. న్యాయనిర్ణేతలు కళ్ళద్దాలు సర్దుకుని, "పుంగనూరు ఆవు పొట్టితనాన్ని ఇంత చక్కగా పట్టుకున్నవాళ్ళు ఇంకొకరు లేరు" అని మెచ్చుకున్నారు. సుధారాణి మొహం మాడ్చుకుంది. "అయితే మొదటి బహుమతి యాల రాలేదు సార్? యాడ బాగలేదు?" అంటూ వాళ్ళ జీపు వెంట గేటు దాకా పరిగెత్తింది.

ఆ పిల్ల తీరే అంత. "బాగుంది" అన్న మాట ఆమెకు తిట్టు కింద లెక్క. బాగలేదని ఎవరైనా అంటే మాత్రం, తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు మొహం వెలిగిపోతుంది. ఎనిమిదిలో వ్యాసరచనలో మూడో బహుమతి. అప్పటికే పదకొండుసార్లు తిరగరాసిందట. పదిలో బడికంతా మొదటి స్థానం. తెలుగులో రెండు మార్కులు ఎక్కువ వేశారని, మళ్ళీ దిద్దమని అర్జీ పెట్టుకోబోతే వాళ్ళ నాయన తిమ్మప్ప కాగితం లాగేసుకున్నాడు. చిన్నాన్న కూతురి పెళ్ళిలో వడ్డన ఆమెదే. విస్తరి ముందు నిలబడి, "అన్నా, సాంబారు యాడ బాగలేదో సెప్పి లెయ్యండి" అని మగపెళ్ళివాళ్ళను అడిగింది. వాళ్ళు మర్యాదస్తులు. అడిగారు కదా అని చెప్పారు. ఆ పెళ్ళి భోజనాల బంతి సాయంత్రం నాలుగింటికి లేచింది.

అలాంటి సుధారాణి మదనపల్లెలో డిగ్రీ మూడో సంవత్సరానికి వచ్చి, ఒక పాటకు వీడియో తీసింది. అందులో పాడింది ఫిర్దౌస్. ఆ నెల ఎట్లా గడిచిందో తెలియాలంటే ఫిర్దౌస్‌నే అడగాలి.

ఫిర్దౌస్‌ది పుంగనూరు. ఇంట్లో పరుపులు కుడతారు. దూదిమూటల మధ్య పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి గొంతు కూడా మెత్తనే. కానీ ఆ గొంతును దూదిమూటలు, నానమ్మ ఫాతిమున్నీసా తప్ప ఇంకెవరూ విన్నది లేదు. రోజూ మదనపల్లె బస్సులో సుధారాణి పక్కన కూర్చుని, కిటికీ వైపు తిరిగి కూనిరాగం తీసేది. సుధారాణి పట్టేసింది.

"మన ప్రాజెక్టు పాట నువ్వే పాడల్ల."

"నేనా? పదిమందిలో నా గొంతు పగిలిందంటే ఇంగ జన్మలో పాడను మే. ముందే సెప్తాండా."

"పగలదు లే. పగిలితే అతికిస్తా."

పాట ఫిర్దౌసే రాసింది. మదనపల్లె మార్కెట్లో లారీ ఎక్కి ఢిల్లీ పోయే టమేటా మీద పాట.

"దోరకాయ దోరకాయ దూరమెంత పోతావే,
ఢిల్లీ వీధి చేరినాక ఊరి పేరు చెబుతావా" —

రెండో చరణంలో ఆ "ఊరి పేరు" దగ్గర రాగం ఒక్కసారిగా పైకి ఎక్కుతుంది. ఎక్కడం బాగానే ఉంటుంది, నిలవడమే కష్టం.

కెమెరా, కీబోర్డు, ఎడిటింగు, క్రేట్లు మోసే హీరో వేషం అన్నీ లోహిత్‌వే. వాళ్ళ జట్టులో ముగ్గురే మరి. డిసెంబరు పంతొమ్మిదిన కుప్పంలో కాలేజీల మధ్య వీడియో పాటల పోటీ. దానికో నిబంధన ఉంది: ఈ రోజుల్లో ఫోన్లే పాడుతున్నాయి కాబట్టి, వీడియోను మధ్యలో ఆపేస్తారు, పాడిన మనిషి వేదికెక్కి రెండో చరణం వాద్యం లేకుండా పాడి చూపించాలి. పాడలేకపోతే జట్టంతా ఇంటికి. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఫిర్దౌస్‌కు అన్నం లోపలికి పోవడం మానేసింది.

డిసెంబరు రెండున వీడియో తరగతిలో చూపించారు. అది వెంకటేశులు సార్ పెట్టిన పద్ధతి. అందరూ చూడాలి, పేరు రాయకుండా తలా ఒక చీటీ రాయాలి. చీటీలన్నీ జట్టు నాయకురాలే తీసుకుని చదివి, తప్పులు దిద్ది, మళ్ళీ చూపించాలి. మిగతా జట్ల నాయకులు ఆ చీటీలను కరెంటు బిల్లు అందుకున్నట్టు అందుకున్నారు. సుధారాణి మాత్రం ఒడి పట్టింది. నలభై ఒక్క చీటీలు. వెనక బెంచీకి పోయి, గోడ వైపు తిరిగి, అన్నీ ఒకసారి చదువుకుంది. తర్వాత లేచి వచ్చి గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"'పాటలో దోరకాయ, బొమ్మలో పండుకాయ. లారీ యాడికి పోతాండాది, పక్క వీధికా?'"

తరగతి గొల్లుమంది. ఫిర్దౌస్ తల పట్టుకుంది. నిజమే! ఎర్రగా ఉంటే కెమెరాలో బాగుంటుందని లోహిత్ బాగా మాగిన పండ్లు తెప్పించాడు. ఢిల్లీ లోడుకు పండుకాయ ఎక్కించేవాడు ఆ నాలుగు మండలాల్లో ఎవడైనా ఉంటాడా? తరగతిలో సగం మంది టమేటా రైతుల పిల్లలు.

"'ఆ కాయ కర్నూలు దాటే లోపల లారీ కింద చారు కారతాది.' 'క్రేటు అడుగున పేపరు యాడ?' 'మూడో క్రేటులో మచ్చకాయ ఉండాది, మా నాయిన చూస్తే హీరోని కూడా ఏరి పారేస్తాడు.' 'హీరోకి క్రేటు ఎత్తేది రాదు, పసిపిల్లోణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.'"

"నా నడుం పట్టేసింది సామీ ఆ పొద్దు!" అన్నాడు లోహిత్.

ముప్పై చీటీలు చదివింది. ముప్పైలోనూ టమేటాలే.

"పాట గురించి ఎవురూ ఏం రాయలేదా?" అని ఫిర్దౌస్ నెమ్మదిగా అడిగింది.

"లేదు మే. అందురి కండ్లూ టమేటా మీదనే."

"ముప్పయ్యే సదివితివి. ఇంగా పదకొండు?"

"అవి 'బాగుంది, సూపర్' అని రాసిన చెత్త. పారేసినా."

సుధారాణిని ఎరిగినవాళ్ళకు ఈ జవాబులో వింతేమీ కనబడలేదు. ఫిర్దౌస్ గుండెల్లోంచి ఒక మూట దిగింది. తన గొంతు మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

మరునాడు తెలవారకముందే మొదలైంది పరుగు. సుధారాణి దోరకాయల కోసం ఒక తోట చూసింది. అందులో కాయ సైజు లేదంది. బి.కొత్తకోట దగ్గర ఇంకొకటి చూసింది. అక్కడ కాయ ఉంది, ఎండ లేదంది. ఎండ వచ్చేసరికి మేఘం నచ్చలేదంది. తోట రైతును పట్టుకుని, "అన్నా, ఈ షాటు యాడ బాగలేదో సెప్పు" అని ఫోను చేతిలో పెట్టింది. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూసి, "పాపా, ఆకుకి తెగులు కనపడతాండాది, మందు కొట్టేదాకా తియ్యొద్దు" అన్నాడు. మందు కొట్టేదాకా ఆగారు. బస్సు కండక్టరు చూసి పాటలో బస్సు లేదన్నాడు. బస్సు పెట్టారు. టీ అంగడాయన టీ లేదన్నాడు. లోహిత్ చేతులు జోడించాడు. "సుధక్కా, ఇంగ నాలుగు రోజులైతే ఇది పాట కాదు, మదనపల్లె టౌను మ్యాపు!"

ఫిర్దౌస్ బాధ వేరు. ఒకటి రెండు రోజులకోసారి సుధారాణి, లోహిత్ పుంగనూరు వచ్చి పరుపుల గదిలో కూర్చునేవాళ్ళు. దూది ఉన్న గదిలో మోత ఉండదని మొదటి రికార్డింగు అక్కడే చేశారు.

"ఫిర్దౌసూ, రెండో చరణం ఇంగొక్కసారి పాడల్ల."

"యాల? బాగుండాదంటివి గదా?"

"నేను ఎప్పుడన్నా ఆ మాట అంటినా? రికార్డులో లారీ హారన్ పడింది. నా తప్పే."

పాడింది. రెండు రోజులకు మళ్ళీ వచ్చింది. "ఫ్యాను శబ్దం పడింది మే. నా తప్పే." డిసెంబరులో ఫ్యాను ఎవరు వేశారో ఫిర్దౌస్‌కు గుర్తు రాలేదు. మళ్ళీ పాడింది. ఆ తర్వాత కుక్క. ఆ తర్వాత సుధారాణి కాలిపట్టీలు. ఒకరోజు, "నా కడుపులో ఆకలి శబ్దం పడింది" అంది. ఒకరోజు లోహిత్ కీబోర్డులో పై కీ ఒకటి పలకడం లేదని శ్రుతి ఒక మెట్టు దించి పాడించారు. పాట ఒంటికి కుట్టించిన చొక్కాలా సరిపోయింది. "ఇట్లనే ఉంటే మేలేమో" అంది ఫిర్దౌస్. "నీ ఇష్టం" అని సుధారాణి అటు తిరిగి గోడ చూసింది.

ఫాతిమున్నీసా సూది పక్కన పెట్టి ఇదంతా చూస్తూ ఉండేది. ఒకనాడు అడిగేసింది. "ఏం సుధా, నువ్వు తప్పులు యెతకతాండావా, తెస్తాండావా? మొన్న ఈ వీధిలో కుక్కే లేదు గదమ్మా."

"మీకు వినపడలేదు జేజీ. మెల్లగా మొరిగింది."

"మెల్లగా మొరిగే కుక్క!" అని ముసలామె నోరు మూసుకుని నవ్వింది. మళ్ళీ అడగలేదు. ఆ రోజు నుంచి మాత్రం వాళ్ళు వచ్చేసరికి మిరియాల కషాయం పొయ్యి మీద సిద్ధంగా ఉండేది.

ఇట్లా ఎనిమిదిసార్లు అయింది. తొమ్మిదోసారికి ఫిర్దౌస్ తిరగబడింది. "నాకు మూడు రోజుల్లో కుప్పంలో పాడాల్సి ఉండాది. నీకు హారన్లు, కుక్కలు! నీ తప్పుకి నా గొంతు అరిగిపోవల్లనా?"

సుధారాణి మొదటిసారి ఏమీ అడగకుండా లేచి వెళ్ళిపోయింది. "ఇంగ అక్కర్లే" అని మాత్రం అంది.

పదిహేడున తరగతిలో మళ్ళీ చూపించారు. ఈసారి తెర మీద దోరకాయ, క్రేటు అడుగున పేపరు, నడుం వంచి సరిగ్గా ఎత్తిన లోహిత్. సుధారాణి గట్టిగా చదివిన చీటీలన్నీ "కాయ బాగుంది" అనే. ఒక పిల్ల "సైజు కూడా బాగుంది" అని రాసింది. సుధారాణి దిగులుపడి కూర్చుంది. వెంకటేశులు సార్ ఓదార్చబోయి, "చాలా బాగా మెరుగుపరిచినావమ్మా" అన్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం ఒక్కటే తక్కువ.

పంతొమ్మిది పొద్దున కుప్పం బస్సు. మదనపల్లెలో ఎక్కిన లోహిత్ పెన్‌డ్రైవు జేబులో ఉందో లేదో అరగంటకోసారి తడుముకుంటున్నాడు. పుంగనూరులో ఆడపిల్లలిద్దరూ ఎక్కారు. సుధారాణి కూర్చోదు. డ్రైవరు వెనక నిలబడి, ముందు సీట్లో పెద్దాయనకు ఫోను చూపించి, "తాతా, యాడ బాగలేదో సెప్పు" అంటోంది. పలమనేరు దాటింది. ఫిర్దౌస్ పటికబెల్లం ముక్క కోసం, సీట్లో ఉన్న సుధారాణి సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి రబ్బరుబ్యాండు వేసిన కాగితాల కట్ట తగిలింది.

చీటీలు. తరగతి చీటీలే.

"రెండో చరణంలో గొంతు పగిలింది." "పాడిన అమ్మాయిని ఇంత పైన పాడమని ఎవరు చెప్పినారు?" "ఊరి పేరు దగ్గర చెవులు మూసుకున్నా." "మేకపిల్ల ఎవరిది?" పదకొండు. బాగుంది అని రాసిన చెత్త ఇదన్నమాట.

ఫిర్దౌస్‌కు బస్సు ఆగినట్టయింది. అది పోతూనే ఉంది, ఇంకో గంటన్నరలో కుప్పం. ఈ గొంతుతోనే వేదిక ఎక్కాలి. లోహిత్ ఆమె చేతిలోవి చూసి, కిటికీలోంచి దూకే దారి ఉందా అన్నట్టు బయటకు చూశాడు.

"నీకూ తెలుసా?"

"నాకు కీబోర్డు కీ గురించే తెలుసు. అది బాగానే పలకతాది" అన్నాడు లోహిత్ చిన్నగా. "ఎనక ఏందో రాసి ఉండాది, తిప్పి సూడు."

తిప్పింది. వెనక సుధారాణి దస్తూరి, తేదీలతో.

"డిసెంబరు 4. లారీ హారన్ అని చెప్పినా. పగులు ఉంది, కొంచెం చిన్నది."

"డిసెంబరు 6. ఫ్యాను అన్నా. నమ్మింది పాపం. ఊరి దగ్గర నిలిచింది, పేరు దగ్గర జారింది."

"డిసెంబరు 8. కుక్క. జేజి కనిపెట్టింది."

"డిసెంబరు 11. లోహిత్‌తో శ్రుతి దించినా. ఇది ముందే చేయాల్సింది. ఇది మాత్రం నిజంగానే నా తప్పు."

పదకొండో చీటీ వెనక, "డిసెంబరు 16. ఇంక సాకు అక్కర్లేదు."

దాని కింద పన్నెండో చీటీ ఒకటి ఉంది. పదిహేడు నాటిది, వేరే ఎవరిదో దస్తూరి: "ఈసారి పాడిన అమ్మాయి ఎవరు? పాత అమ్మాయిని మార్చి మంచి పని చేసినారు."

ఫిర్దౌస్‌కు ఏడవాలో నవ్వాలో తెలియక ముందుకు పోయి సుధారాణి జడ పట్టుకుని లాగింది.

"ఇవి యాల సదవలేదే?"

సుధారాణి చూసింది. దొంగతనం బయటపడినవాళ్ళ మొహం పెట్టింది. వెంటనే పెద్దమనిషి మొహం పెట్టింది. "అవి టమేటాల గురించి కాదు గదా."

"తప్పు దొరికితే ఊరంతా దండోరా వేస్తావే. నా తప్పు మాత్రం దాస్తివే!"

"దాయలేదు మే. దిద్దినా. దిద్దేసినాక సదివేది యాల?" తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వే గదా అంటివి, పదిమందిలో పగిలితే జన్మలో పాడనని. అప్పుటికే పదకొండు మంది రాసేసినారు. నేను ఆడ గోడ పక్క తిరిగి ఏం సేసేది?"

"ఇంగ సాకు అక్కర్లేదని రాసినావు."

"రాసినా."

"అంటే బాగుండాదనా?"

సుధారాణి అటు చూసింది, ఇటు చూసింది. బస్సంతా చూస్తోంది. ముందు సీట్లో పెద్దాయన ఫోను ఒళ్ళో పెట్టుకుని, "సెప్పు పాపా, నోట్లో ముత్యాలేం రాలిపోవు" అన్నాడు.

"ఉండాది లే" అంది సుధారాణి, పన్ను పీకించుకుంటున్నట్టు. పుట్టి ఇరవై ఏళ్ళకు ఒక వస్తువును బాగుందని ఆమె ఒప్పుకోవడం అదే మొదలు. లోహిత్ తేదీ రాసుకున్నాడు.

కుప్పంలో హాలు నిండిపోయింది. ముందు వరసలో తెలుగు, మధ్యలో తమిళం, వెనక కన్నడం, అన్ని చోట్లా ఈలలు. వీడియో మొదటి చరణం అయిపోగానే ఆపేశారు. తెర మీద దోరకాయ ఒకటి సగం దారిలో లారీ ఎక్కుతూ నిలిచిపోయింది. ఫిర్దౌస్ వేదిక ఎక్కింది. కింద మొదటి వరస పక్కన సుధారాణి నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎందుకంటే, నోరు తెరిస్తే పక్కవాణ్ణి ఏదో ఒకటి అడిగేస్తుందని భయం.

ఫిర్దౌస్ కళ్ళు మూసుకుంది. తొమ్మిదోసారి పాడుతున్నాను, అంతే అనుకుంది. దించిన శ్రుతిలో ఎత్తుకుంది. "ఢిల్లీ వీధి చేరినాక" దాటింది. "ఊరి" ఎక్కింది. నిలిచింది. "పేరు" దగ్గర గొంతు ఒక్క వెంట్రుక వాసి వణికి, పట్టు దొరికించుకుని, హాలు చివర కన్నడం దాకా పోయి నిలబడింది. ఈలలు ఆగిపోయాయి. పాట అయిపోయాక మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి మూడు భాషల్లో.

గానంలో ఫిర్దౌస్‌కు మొదటి బహుమతి. వీడియోకు మూడోది. ఈ మూడోది పల్లె లెక్కలో సుధారాణికి అయిదో ఘనవిజయం. నాలుగోది కాలేజీ కబడ్డీలో వచ్చింది, అది వేరే కథ. బహుమతి ఇస్తూ న్యాయనిర్ణేత ఒకాయన మాటవరసకు, "మీ వీడియోలో మీకు కనబడిన లోపాలేమైనా ఉన్నాయామ్మా?" అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు! సుధారాణి పదిహేడు చెప్పింది. పద్దెనిమిదో దానికి మైకు తీసుకోవలసి వచ్చింది. ఆయన వేదిక దిగాక ఆమెను వెతుక్కుంటూ వచ్చి, హైదరాబాదులో తాను ఇచ్చే ఎడిటింగు శిక్షణకు ఆమె పేరు రాసుకున్నాడు. సొంతంగా తీసినదానిలోనే తప్పులు ఇన్ని చెప్పగలిగినవాళ్ళు ఆయనకు ఆ ఏడు ఇంకెవరూ దొరకలేదట.

జనవరి పంతొమ్మిదిన సుధారాణి పోయింది. ఆమె బస్సు మలుపు తిరిగేదాకా ఫిర్దౌస్ పుంగనూరు బస్టాండులో చెయ్యి ఊపుతూనే ఉంది. ఇప్పుడు మదనపల్లె బస్సులో కిటికీ వైపు తిరగకుండానే పాడుతోంది. కండక్టరు బాగుందంటాడు, టికెట్లు తీసుకునేవాళ్ళూ బాగుందంటారు. అందరూ అదే మాట అంటుంటే ఆమెకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. కొత్త పాట ఒకటి కట్టింది. రెండో చరణంలో ఏదో ఒక చోట తప్పుంది, ఎక్కడో తెలియడం లేదు. ఫాతిమున్నీసా రోజూ గోడ మీద క్యాలెండరు చూసి, కషాయానికి మిరియాలు ఉన్నాయో లేదో డబ్బా ఊపి చూస్తోంది. శిక్షణ పోనురాను కలిపి నలభై ఒక్క రోజులు. సుధారాణి పుంగనూరులో దిగేది ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, శనివారం.